ఆశ్రయం సరే.. సొంత గడప ఎప్పుడు?

మతవిశ్వాసం పునాదిగా పుట్టిన సేవాసంస్థల వెన్ను ప్రభుత్వం ఎంతవరకు తట్టాలి, ఎక్కడ కళ్లెం వేయాలి అన్న చర్చ ఉమ్మడి అనంతపురం జిల్లాలో సద్దుమణిగినట్టే ఉండి మళ్లీ రాజుకుంటుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) రిజిస్ట్రేషన్ రెన్యువల్ 2025లో చిక్కుల్లో పడినప్పుడు జనం రోడ్డెక్కారు. పార్టీలకు అతీతంగా నాయకులు కేంద్రానికి విన్నవించారు. అంతకుముందు 2021 డిసెంబరులో మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి కేంద్రం ఇదే రెన్యువల్‌ను నిరాకరించి, 2022 జనవరి మొదట్లో పునరుద్ధరించింది. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ఆస్పత్రుల గురించి, బడుల గురించి, విరాళాల లెక్కల గురించి వాదనలు నడుస్తాయి. కట్టుబట్టలతో ఇల్లు విడిచిన ఆడమనిషి ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్న ప్రశ్న మాత్రం ఆ వాదనల్లో ఎక్కడా కనిపించదు. సేవాసంస్థల మీద ఏ నిర్ణయం తీసుకున్నా మొదట ప్రభావం పడేది ఆమె మీదే.

ఈ జిల్లాలో ఈ చర్చకు ఇంత వేడి ఉండటానికి కారణం ఉంది. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే ఈ నేలలో తాగునీరు, వైద్యం, పక్కా ఇల్లు లాంటివి చాలా ఊళ్లకు సర్కారు కన్నా ముందు విశ్వాసం నుంచి పుట్టిన సంస్థల ద్వారానే అందాయి. పుట్టపర్తి సత్యసాయి ట్రస్ట్ 1991లో సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి తెరిచింది. 1990ల మధ్యలో వందలాది గ్రామాలకు మంచినీటి పథకం చేపట్టింది. ఆర్డీటీ కథ మరీ విలక్షణమైనది. స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో జెస్విట్ సంఘ సభ్యుడిగా భారత్‌కు వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చినా మరుసటి ఏడాదే తిరిగొచ్చి అనంతపురం చేరారు. 1970లో జెస్విట్ సంఘం నుంచి బయటికొచ్చి, ఆంగ్ల పాత్రికేయురాలు యాన్ పెర్రీని పెళ్లాడారు. 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయన్ను ఈ దేశానికి నడిపించింది విశ్వాసమే కానీ, ఇక్కడ నిలబెట్టిన సంస్థ ప్రార్థనా మందిరాల చుట్టూ తిరగలేదు. బావులు, చెక్‌డ్యామ్‌లు, బడులు, బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లు ఆస్పత్రులు దాని చిరునామాలయ్యాయి. గృహహింసకు గురైన మహిళలకు కౌన్సెలింగ్, తాత్కాలిక ఆశ్రయం, దివ్యాంగ మహిళలకు చేతిపనుల కేంద్రాలు కూడా ఆ పనిలో భాగమే. అన్నిటికన్నా దూరదృష్టి గల నిర్ణయం మరొకటి ఉంది. ఆ సంస్థ కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేరిట ఇస్తూ వచ్చింది. ఆశ్రయం గురించి జరగాల్సిన చర్చ అంతా ఆ నిర్ణయంలో ఇమిడి ఉంది.

నిలువ నీడ లేని మహిళ అనగానే చాలామందికి బస్టాండు అరుగు మీద మూట పెట్టుకుని కూర్చున్న ముసలావిడ గుర్తొస్తుంది. గుంతకల్లు జంక్షన్‌లో రాత్రివేళ అలాంటివారు కనబడరని కాదు. మతిస్థిమితం తప్పిన భార్యనో తల్లినో రైలెక్కించి వదిలించుకునే పాపం ఈ దేశంలో కొత్తదేమీ కాదు. కానీ ఈ సీమలో ఇల్లు పోగొట్టుకునే మహిళల్లో ఎక్కువమంది రోడ్డు మీద కనబడరు. 2011 జనగణన ఫిబ్రవరి 28 రాత్రి వీధుల్లో, ప్లాట్‌ఫారాల మీద తిరిగి దేశంలో 17.7 లక్షల మంది నిరాశ్రయులున్నారని తేల్చింది. అన్నావదినల ఇంటి వసారాలో పడుకునే ఆడబిడ్డ, గుడి మంటపంలో పొద్దుపుచ్చే వితంతువు, బెంగళూరులో పనిచేసే ఇంట్లోనే వంటగది మూల నిద్రపోయే పనిమనిషి ఆ లెక్కలోకి రారు.

వారు ఆ స్థితికి చేరిన దారులు ఒక్కొక్కరివి ఒక్కో తీరు. వేరుసెనగ ఎండిన ఏడాది బెంగళూరుకో కేరళకో సుగ్గి పనులకు వలసపోయిన భర్త అక్కడే మరో కాపురం పెడతాడు, ఇక్కడి భార్యకు అత్తగారింట్లో చోటు ఇరుకవుతుంది. అప్పుల రైతు ఉరిపోసుకుంటే ఆ కుటుంబాన్ని ఆదుకోవడానికి 2004లోనే జీవో 421 వచ్చింది. అయితే సాగు చేసింది కౌలు భూమి అయినా, పట్టా మామ పేరున ఉన్నా సాయం కోసం ఆ వితంతువు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉండాలి. భర్త నుంచి హెచ్ఐవీ సోకిన మహిళను అతడు చనిపోగానే గెంటేసిన ఇళ్లున్నాయి. కదిరి, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట ప్రాంతాల నుంచి పని ఇప్పిస్తామన్న మాయమాటలతో ముంబయి, పుణె, దిల్లీలకు తరలించిన ఆడపిల్లల సంగతి రెండు దశాబ్దాలుగా పత్రికలకెక్కుతూనే ఉంది. పోలీసులు విడిపించి తెచ్చినా ఊరు మునుపటిలా చేరదీయదు. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు దేవుడి పేరున బసివినిగా వదిలిన స్త్రీల పరిస్థితి మరీ దయనీయం. 1988లో రాష్ట్రం ఆ దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అప్పటికే వదిలేసిన వారికి పెళ్లీ లేదు. వయసు మీరాక ఆదరించే దిక్కూ లేదు. విశ్వాసం పేరుతో నీడ ఇచ్చే చేతుల గురించి మాట్లాడేటప్పుడు, విశ్వాసం పేరుతో నీడ లాగేసిన ఆచారాలనూ ఆ పక్కనే పెట్టి చూడాలి.

ఆడబిడ్డకు ఆస్తిలో వాటా ఇవ్వడంలో తెలుగువాళ్లు దేశానికి దారి చూపారు. ఎన్టీఆర్ హయాంలో, 2005 నాటి కేంద్ర సవరణకు దాదాపు ఇరవయ్యేళ్ల ముందే, ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు కల్పించారు. కానీ పెళ్లిలో పెట్టింది చాలునంటూ అన్నదమ్ములకు సంతకం చేసిచ్చే అలవాటు పల్లెల్లో నేటికీ పోలేదు. అందుకే కాపురం చెడినప్పుడు ఆమెకు అటు మెట్టినిల్లూ దక్కడం లేదు, ఇటు పుట్టినిల్లూ దక్కడం లేదు.

మరి ప్రభుత్వం దగ్గరున్న ఏర్పాట్లేమిటి? 1969 నాటి స్వల్పకాలిక వసతి గృహాలు, 2001-02 నాటి స్వధార్ పథకం కలిసి తర్వాత స్వధార్ గృహ్‌లయ్యాయి. అక్రమ రవాణా బాధితుల కోసం 2007లో ఉజ్వల పథకం వచ్చింది. 2022లో మిషన్ శక్తి మార్గదర్శకాలతో ఇవన్నీ ‘శక్తి సదన్’ పేరుతో ఒక గొడుగు కిందికి చేరాయి. 2015 నుంచి నడుస్తున్న సఖి వన్‌స్టాప్ కేంద్రాల్లో గరిష్ఠంగా 5 రోజులు ఉండనిస్తారు. గృహహింస నిరోధక చట్టం 2005 ప్రకారం బాధితురాలు కోరితే షెల్టర్ హోం ఆశ్రయమివ్వాలి. భర్త ఇంట్లోనే నివసించే హక్కు కూడా ఆ చట్టంలో ఉంది. 2020లో సతీశ్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కును విస్తరించి, అత్తమామల పేరున ఉన్న ఇల్లు సైతం ఉమ్మడి నివాసం కిందికి రావచ్చని చెప్పింది. కాగితం మీద ఇదంతా తక్కువేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమంది మహిళల్లో దాదాపు ముగ్గురు భర్త చేతిలో హింస చవిచూసినవారే. ఆ అవసరం ముందు ఈ ఏర్పాట్లు ఏ మూలకు?

మహిళా ఆశ్రయాలకు ఐరోపా మండలి సూచించే ప్రమాణం ప్రతి 10 వేల జనాభాకు ఒక కుటుంబానికి చోటు. అంటే పిల్లలతో సహా ఒక తల్లి ఉండగలిగే గది. ఉమ్మడి అనంతపురం జిల్లా జనాభా 2011లో సుమారు 40.8 లక్షలు. ఆ లెక్కన ఇక్కడ నాలుగు వందలకు పైగా కుటుంబాలకు చోటుండాలి. ఒక్కో శక్తి సదన్ సామర్థ్యం 50 మంది అనుకుంటే తల్లులను మాత్రమే లెక్కపెట్టినా ఎనిమిది కావాలి, పిల్లలనూ కలిపితే అంతకు రెండు మూడింతలు. పైగా స్వధార్ గృహ్ నిబంధనల్లో తల్లితో ఉండే కొడుకు వయసుకు పరిమితి 8 ఏళ్లే ఉండేది. పదేళ్ల కొడుకును ఎక్కడో వదిలి తాను సురక్షితంగా ఉండాలంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? కొట్టినా తిట్టినా ఆ ఇంట్లోనే పడి ఉండటానికి ఇలాంటి నిబంధన ఒక్కటి చాలు.

ఈ ఖాళీలోకే విశ్వాస సంస్థలు నడిచి వచ్చాయి. ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. తర్వాతి దశకంలో కరవు ప్రాంతాల నుంచి వందలాది ఆడపిల్లలను తీసుకొచ్చి పుణె దగ్గర కేడ్గావ్‌లో ముక్తి మిషన్‌లో చేర్చారు. రాజమండ్రిలో 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం బ్రహ్మసమాజ భావాలతో వితంతు శరణాలయం నడిపారు, తర్వాత తన ఆస్తిని హితకారిణి సమాజానికి రాసిచ్చారు. ఊరు వెలేసినా వెనక్కి తగ్గని పట్టుదల వారికి విశ్వాసం నుంచే వచ్చింది. జీతం కోసం పనిచేసే వార్డెన్ నుంచి అంతటి తెగువ ఆశించలేం. విశ్వాస సంస్థల అసలు బలం ఇదే. దీన్ని కాదనేవారు చరిత్రను సగమే చదివినట్టు.

మిగతా సగం కూడా చదవాలి. 1893లో శారదా సదన్‌లోని అమ్మాయిలు రమాబాయి ప్రార్థనలకు హాజరవుతున్నారన్న వివాదంతో హిందూ సలహా మండలి సభ్యులు తప్పుకున్నారు. ఆశ్రయానికి, మత ప్రచారానికి మధ్య గీత ఎక్కడన్న ప్రశ్న అప్పటి నుంచీ తెగలేదు. బృందావనంలో భజన చేస్తేనే పూటకు గుప్పెడు బియ్యం, నాలుగు రూపాయలు దక్కే స్థితిలో బతికిన వితంతువుల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో అక్కడ వెయ్యిమందికి సరిపడే కృష్ణ కుటీర్‌ను ప్రభుత్వమే తెరవాల్సి వచ్చింది. ఐర్లాండ్ అనుభవం మరీ ఘోరం. కేథలిక్ సన్యాసినులు నడిపిన మాగ్దలీన్ లాండ్రీల్లో 1922 తర్వాత దాదాపు పదివేల మంది మహిళలు కూలి లేకుండా బట్టలుతికారు. పెళ్లికాని తల్లులు, అనాథలు, కోర్టులు పంపిన అమ్మాయిలు అందులో ఉన్నారు. చివరి లాండ్రీ మూతపడింది 1996లో. 2013 ఫిబ్రవరిలో ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటు సాక్షిగా క్షమాపణ చెప్పారు. ఆ మహిళలను అక్కడికి పంపినవారిలో ప్రభుత్వ యంత్రాంగమూ ఉందని అధికారిక విచారణే తేల్చింది. చర్చి దయకు వదిలేసి సర్కారు చేతులు దులుపుకొంటే జరిగేది అదే.

అలాగని మతం పేరు లేనంత మాత్రాన ఆశ్రయం పవిత్రమైపోదు. బిహార్‌లోని ముజఫర్‌పుర్ బాలికా గృహాన్ని ప్రభుత్వ నిధులతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపింది. 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం ఆడిట్ నివేదిక ఇస్తే తప్ప అక్కడి లైంగిక దాడులు బయటపడలేదు. వ్యభిచార నిరోధక చట్టం కింద నడిచే రక్షణ గృహాల్లో వయోజనులైన మహిళలను వారి ఇష్టానికి విరుద్ధంగా ఉంచుతున్నారేమో సర్వే చేయాలని 2022 మేలో బుద్ధదేవ్ కర్మస్కర్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆశ్రమం గోడ మీద శిలువ ఉందా, ఓంకారం ఉందా, ప్రభుత్వ ముద్ర ఉందా అన్నది అక్కడి మహిళ భద్రతను తేల్చదు. గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆమె ఫోన్ ఆమె చేతిలోనే ఉందా, ఫిర్యాదు చేస్తే వినే బయటి మనిషి నెలకోసారైనా వస్తున్నారా అన్నవే తేలుస్తాయి.

ఈ చిక్కుముడిని ఇతర దేశాలు తలో రకంగా విప్పాయి. అమెరికా 1996 సంక్షేమ సంస్కరణల చట్టంతో ‘చారిటబుల్ చాయిస్’ నిబంధన తెచ్చింది. మత సంస్థలు ప్రభుత్వ నిధులతో సేవ చేయవచ్చు కానీ ఆ డబ్బు ఆరాధనకు వాడకూడదు, ప్రార్థనకు రానన్న కారణంతో ఎవరినీ కాదనకూడదు, ఆ సంస్థలో ఉండటం ఇష్టం లేదంటే మరో చోటు చూపించాలి. షరతులు బాగానే ఉన్నాయి కానీ మరో చోటు లేని ఊళ్లో వాటికి విలువ తక్కువ. జర్మనీ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ మహిళా ఆశ్రయాలు నడిపేవారిలో కేథలిక్ కారిటాస్, ప్రొటెస్టెంట్ డయాకోనీ సంస్థలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని పక్కకు తప్పించకుండానే 2025లో తెచ్చిన చట్టంతో, హింసకు గురైన మహిళకు రక్షణ, కౌన్సెలింగ్ పొందే చట్టబద్ధ హక్కు 2032 నుంచి దఖలు పడుతుంది. నడిపేది ఎవరైనా, చోటు దొరక్కపోతే జవాబు చెప్పాల్సింది రాజ్యమే. అనంతపురానికి పనికొచ్చే మొదటి పాఠం ఇది.

రెండోది ఫిన్లాండ్ నుంచి వస్తుంది. 2008లో ఆ దేశం ‘ముందు ఇల్లు’ అన్న విధానానికి మారింది. మద్యం మానాలి, ఉద్యోగం చూసుకోవాలి, మంచి నడవడి చూపాలి, అప్పుడే ఇల్లు అన్న పాత మెట్ల పద్ధతిని తీసేసి, మొదటే అద్దె ఒప్పందంతో ఇల్లిచ్చి తర్వాత మిగతా సాయం అందించింది. హెల్సింకిలో క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన పెద్ద హాస్టల్ ఒకటుండేది. వరస మంచాలతో సుమారు 250 మందికి పడక చూపిన ఆ భవనాన్ని దాదాపు ఎనభై విడి ఫ్లాట్లుగా మార్చారు. నిర్వాహకులు పాతవారే. లోపల ఉండేవారు మాత్రం హాస్టల్ వాసుల నుంచి కిరాయిదారులయ్యారు. ఎవరి తలుపు తాళం వారి దగ్గరే. తన హాస్టల్‌ను తానే రద్దు చేసుకోవడానికి ఆ సంస్థ సిద్ధపడిందంటే సేవ మీద దానికున్న నిజాయతీని శంకించలేం.

అనంతపురంలో బతుకు తిరిగి నిలబెట్టుకోవడం అంటే ఏమిటో కాగితాల దగ్గర మొదలుపెట్టి చూడాలి. మెట్టినిల్లు విడిచి వచ్చిన మహిళ చేతిసంచిలో రెండు చీరలు, పిల్లల బట్టలు, బ్యాంకు పాస్‌బుక్కు ఉంటాయి. ఆధార్ ఉంటే అదృష్టం. అందులోని చిరునామా ఆమె పారిపోయి వచ్చిన ఇల్లే. రేషన్ కార్డు భర్తతో కలిపి ఉంటుంది. ఉపాధి పనుల జాబ్ కార్డు కుటుంబానికొకటి కాబట్టి అదీ అక్కడే. ఒంటరి మహిళలకు పింఛను ఉంది, 2024 జులై నుంచి నెలకు 4 వేలు. కానీ సచివాలయం హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఆమె భర్త ఇంటి సభ్యురాలే. విడగొట్టమంటే విడాకుల కాగితం తెమ్మంటారు. ఆ కాగితం కోర్టు నుంచి రావడానికి ఏళ్లు పడుతుంది. 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సులో ఆమెకు ఛార్జీ లేదు, మడకశిర నుంచో ఉరవకొండ నుంచో అనంతపురం రావడానికి రూపాయి ఖర్చు కాదు. వచ్చాక సర్కారు లెక్కలో ఆమె ఒక మనిషిగా నిలబడటమే గగనం. మంచి ఆశ్రయం మొదటి నెలలో చేయాల్సిన పని ఈ ముడులు విప్పడం. ప్రార్థనా సమావేశాలు, నీతిబోధలు, భార్యాభర్తలను ఎలాగైనా కలిపి పంపే ‘రాజీ’ పంచాయతీలు ఆ తర్వాతి విషయాలు కూడా కావు.

రెండో ముడి సంపాదన. ఆశ్రమాల్లో ఏళ్ల తరబడి నేర్పేది కుట్టుపని, అగరబత్తీలు. ఆ రాబడితో ఇద్దరు పిల్లల తల్లి అద్దె కట్టలేదు. హైదరాబాద్‌లో ‘ప్రజ్వల’ ఈ మూసను బద్దలుకొట్టింది. క్రైస్తవ సోదర సంఘానికి చెందిన జోస్ వెట్టికాటిల్, సునీతా కృష్ణన్ కలిసి 1996లో మొదలుపెట్టిన ఆ సంస్థ, అక్రమ రవాణా నుంచి బయటపడిన మహిళలకు వెల్డింగ్, వడ్రంగం, తాపీపని లాంటి కూలి బాగా గిట్టే పనులు నేర్పింది. ధర్మవరం పట్టు మగ్గాలు, హిందూపురం పరిశ్రమలు, సరిహద్దు దాటితే బెంగళూరు ఉన్న జిల్లాలో ఇలాంటి శిక్షణకు దారులు లేవనుకోలేం. కదిరి ప్రాంతపు బాధితులు సైతం సభ్యులైన ‘విముక్తి’ లాంటి సంఘాలున్నాయి. ఏ శిక్షణ కావాలో ముందుగా వారినే అడగాలి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, గడప. ఇక్కడే రాష్ట్ర ప్రభుత్వం చేతిలో అసలు ఆయుధం ఉంది. ఇళ్ల పట్టాలను మహిళల పేరిట ఇచ్చే అలవాటు ఆంధ్రప్రదేశ్‌లో స్థిరపడింది. కానీ ఆ ‘మహిళ’ అంటే యంత్రాంగం దృష్టిలో ఒక మగవాడి భార్య. భర్తను విడిచి వచ్చినావిడ, బసివిని, విముక్త బాధితురాలు లబ్ధిదారుల జాబితాలో చేరడం అరుదు. ఆశ్రయంలో ఆరు నెలలున్నట్లు నిర్వాహకులు, మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారి కలిసి ఇచ్చే ధ్రువపత్రాన్ని విడాకుల కాగితంతో సమానంగా చూడాలని ఒక జీవో ఇస్తే చాలు, రేషన్ కార్డు, పింఛను, ఇంటి స్థలం మూడింటికీ దారి తెరుచుకుంటుంది. దీనికి కొత్త చట్టమూ అక్కర్లేదు, పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు.

విశ్వాస సంస్థల విషయానికొస్తే, వాటిని అనుమానంతో వెళ్లగొట్టడమూ పూజ్యభావంతో లెక్కలడక్కుండా వదిలేయడమూ రెండూ తప్పే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణలతో ఒక సంస్థ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం ఆగిపోయింది. నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. ఆశ్రయ గృహంలో నిర్వహణ ఖర్చంటే రాత్రి కాపలా మనిషి జీతం, వకీలు ఫీజు లాంటివి. ఆ కోత ఎక్కడ పడుతుందో ఊహించవచ్చు. పారదర్శకత కోరడం న్యాయమే. అయితే ఏ కారణంతో రెన్యువల్ ఆగినా, ఆ గృహంలో ఉన్న మహిళల బాధ్యతను ఆ రోజు నుంచే జిల్లా యంత్రాంగం తీసుకునేలా నిబంధన రాయాలి. లెక్కల్లో తేడా వస్తే శిక్ష ట్రస్టీలకు పడాలి, ఆశ్రితులకు కాదు.

అనుమతికి షరతులు ఏ మతానికైనా, ఏ మతమూ లేని సంస్థకైనా ఒకటే ఉండాలి: ఆరాధనకు హాజరు ఎవరి ఇష్టం వారిది, వయోజన మహిళ ఎప్పుడైనా బయటికి వెళ్లిపోవచ్చు, ఏటా బయటి సంస్థతో సామాజిక ఆడిట్ జరిపి నివేదికను ప్రజల ముందు పెట్టాలి. పన్నుల డబ్బు మత ప్రచారానికి పోకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతూనే ఉంది. ఈ షరతులకు ఒప్పుకొన్నవారికి నిధులివ్వడానికి ప్రభుత్వం జంకనక్కర్లేదు. స్థానిక వనరులను కూడా కలుపుకోవాలి. గుంతకల్లు జంక్షన్‌కు దగ్గర్లోనే కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి ఆలయం ఉంది. కదిరిలో లక్ష్మీనరసింహస్వామి గుడి, పెనుకొండలో బాబయ్య దర్గా, గుత్తిలో పాత మిషన్ చర్చి ఉన్నాయి. వేలమంది భక్తులకు అన్నం పెట్టే చోట పది గదుల ఆశ్రయం అసాధ్యం కాదు. దేవాదాయ శాఖ, వక్ఫ్ బోర్డు, చర్చి సంఘాలతో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లు ఒకసారి కూర్చుని, గుంతకల్లులో రాత్రి బస కేంద్రం, కదిరిలో దీర్ఘకాలిక గృహం ఎవరు కట్టాలో, ఎవరు నడపాలో, ఖర్చులో సర్కారు వాటా ఎంతో తేల్చాలి. కొడుకు వయసు నిబంధన ఆ రెండింటిలోనూ మొదటి రోజు నుంచే ఉండకూడదు.